హ్యామర్‌హెడ్ అంటే ఏది? పెరటి పురుగు నుంచి సుత్తి సొర దాకా

డాలస్‌లో ఉండే ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది: "వాన వెలిశాక పెరట్లో కుండీ కింద పొడుగాటి పురుగు కనిపించింది. వానపాములా ఉంది కానీ తల సుత్తిలా అడ్డంగా ఉంది. పక్కింటావిడ చూసి అది హ్యామర్‌హెడ్ అంది. నెట్‌లో వెతికితే సొరచేపలు, ఏదో పక్షి, గబ్బిలం, క్రేన్లు, రాకెట్లు అన్నీ వస్తున్నాయి. అసలు హ్యామర్‌హెడ్ ఏది? ఇన్నిటికి ఒకే పేరు ఎందుకు పెట్టారు? తెలుగులో ఏమనాలి? మా అమ్మాయి దీని మీదే స్కూల్ ప్రాజెక్ట్ చేస్తానంటోంది."

నేను ఇరవై ఏళ్లకు పైగా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోనూ చుట్టుపక్కల రేవుల్లోనూ బోట్లు దించిన చేపలను జాతులవారీగా గుర్తుపట్టి, కొలిచి, లెక్క రాసే పని చేశాను. సుత్తి సొరలను చేత్తో పట్టుకుని తల ఈ చివర నుంచి ఆ చివరకు టేపు పెట్టి కొలిచినవాణ్ణి. అందుకని సొర గురించి ఎక్కువగా, మిగతావాటి గురించి కావలసినంత వరకు చెబుతాను.

ముందు మీ పెరట్లో ఉన్నదాని సంగతి చూద్దాం, ఎందుకంటే అది ఇవాళే తేలాలి. అది సొరకూ చుట్టం కాదు, వానపాముకూ చుట్టం కాదు. తడి నేల మీద బతికే ఒక రకం చదును పురుగు. దాని ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) పేరు బైపాలియం. మీ టెక్సాస్ వైపు తరచుగా కనిపించేది బైపాలియం కెవెన్సే. లేత గోధుమరంగు ఒంటి మీద నిలువునా ఐదు ముదురు చారలు ఉంటే దాదాపు అదే అనుకోవచ్చు. దాని పుట్టిల్లు ఆగ్నేయాసియా. మొక్కల వేళ్లకు అంటుకున్న మట్టితో పాటు దేశాలు తిరిగింది. 1878లో మోస్లీ అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించినప్పుడు అది లండన్ క్యూ గార్డెన్స్‌లోని గాజు గదుల్లో దొరికింది. కెవెన్సే అన్న మాట ఆ క్యూ నుంచే వచ్చింది.

ఇది వానపాములను వేటాడి తింటుంది. నోరు తలలో ఉండదు, ఒంటి మధ్యలో పొట్ట వైపు ఉంటుంది. ఆ సుత్తి లాంటి తల వాసన, రుచి పసిగడుతూ దారి వెతుక్కోవడానికి మాత్రమే. పార పెట్టి రెండు ముక్కలు చేశామంటే పని అయిపోయిందనుకోకండి. ఒక్కో ముక్క మళ్లీ పూర్తి పురుగుగా ఎదగగలదు. దీని ఒంట్లో టెట్రోడోటాక్సిన్ ఉన్నట్టు 2014లో తేలింది. విషపు పఫర్ చేపల్లో ఉండేది కూడా ఈ పదార్థమే. అంత మాత్రాన టెన్షన్ పడాల్సిన పని లేదు, ముట్టుకుంటే ప్రాణం మీదకి రాదు. కానీ ఉత్త చేతులతో పట్టుకోకండి, పిల్లలనూ కుక్కనూ దూరంగా ఉంచండి. గ్లౌజులు వేసుకుని, పుల్లతో ఎత్తి జిప్ కవర్లో వేసి, మీద ఉప్పు గానీ వెనిగర్ గానీ పోసి మూసేస్తే చాలు. ముందే ఒక ఫోటో తీసుకుని మీ కౌంటీ వ్యవసాయ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకు పంపితే వాళ్లకు ఉపయోగపడుతుంది.

ఇక పేరు. బైపాలియం అనే లాటిన్ మాటకు అర్థం సుత్తి కాదు, నేల లోతుగా తవ్వే పార. పేరు పెట్టినాయన ఆ తలను చూసి పార అనుకున్నాడు, ఇంగ్లీషువాళ్లు సుత్తి అనుకున్నారు. మీ అమ్మాయి ప్రాజెక్ట్‌కు అసలు విషయం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. అడ్డంగా ఒక కడ్డీ, దాని మధ్య నుంచి కిందికి ఒక కాడ. ఆ ఆకారం ఎదురైనప్పుడు ప్రతిచోటా జనం తమ ఇంట్లో, పొలంలో, గుడిలో ఉన్న వస్తువు పేరే దానికి పెట్టారు.

సొరచేప పేర్లే తీసుకోండి. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామంలో జైగీనా అన్న మాట ఉంది. దాని వెనుక ఉన్న గ్రీకు మాటకు అర్థం కాడి, అంటే ఎడ్ల మెడల మీద వేసే కాడి. నాకు చాలా ఇష్టమైన పోలిక ఇది. పల్లెలో పుట్టి పెరిగిన ఎవరికైనా సుత్తి కంటే ముందు కాడే గుర్తుకు రావాలి: మధ్యలో నొగ, అటూ ఇటూ సమంగా చాచిన కొయ్య. తరువాత 1810లో రఫినెస్క్ ఆ ప్రజాతికి స్ఫిర్నా అని పేరు పెట్టాడు. అది గ్రీకులో సుత్తికి ఉన్న మాట నుంచి వచ్చింది. 1816లో కువియే కాడి పేరునే, అంటే జైగీనానే, ప్రజాతి పేరుగా వాడబోయాడు కానీ అది అప్పటికే చేయిదాటిపోయింది. 1775లోనే ఫాబ్రీషియస్ దాన్ని ఎర్రమచ్చలుండే ఒక రకం పురుగులకు, పగటిపూట ఎగిరే రెక్కల పురుగులకు, ఇచ్చేశాడు. రెండు జంతు ప్రజాతులకు ఒకే పేరు ఉండకూడదు కాబట్టి సొరకు సుత్తి మిగిలింది. కాడి మాత్రం ఒక్క జాతి పేరులో, స్ఫిర్నా జైగీనాలో, ఇప్పటికీ నిలిచి ఉంది. ఇంకొక జాగ్రత్త: స్ఫిర్నా అంటే సుత్తి సొర, స్ఫిరీనా అంటే బారకూడా చేప. కొద్దిపాటి అక్షరాల తేడాతో రెండు వేరే చేపలు. మా రికార్డుల్లో కొత్తగా చేరినవాళ్లు ఈ రెండిటినీ తారుమారు చేసి రాయడం ఎన్నోసార్లు దిద్దాను.

జపనీయులు దీన్ని షుమోకు సొర అంటారు. షుమోకు అంటే బౌద్ధ ఆలయాల్లో గంట కొట్టే అడ్డకర్ర సుత్తి. చైనావాళ్లకు ఆ తల రెండు పక్కలా ముడి వేసుకున్న జుట్టులా కనిపించింది, అందుకని రెండు కొప్పుల సొర అన్నారు. స్పానిష్‌లో దీనికి ఉన్న ఒక పేరు కొర్నూడా, కొమ్ములది అని. హవాయి దీవుల్లో మనో కిహికిహి, అంటే కోణాలు తేలిన సొర. న్యూజిలాండ్ మావోరీలు మాంగోపరె అంటారు. వాళ్ల సభామందిరాల దూలాల మీద గీసే వంపుల చిత్రాల్లో మాంగోపరె ఒక ముఖ్యమైన నమూనా, పట్టు వదలని బలానికి గుర్తు. ఆస్ట్రేలియాకు ఉత్తరాన టోరెస్ జలసంధి దీవులవాళ్లు బైజామ్ అంటారు. ఆ దీవుల కళాకారుడు కెన్ థేడే సీనియర్ తయారుచేసిన, నాట్యంలో తలకు ధరించే బైజామ్ ముఖాలు పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. తీగలు లాగితే సొర దవడలు తెరుచుకుని మూసుకునేలా కడతాడు. ప్రాజెక్ట్‌లో ఒక్క ఫోటోకే చోటుంటే అది పెట్టమని చెప్పండి.

మరి తెలుగులో? సొర మన తీరంలో ఎప్పటి నుంచో ఉన్న మాట. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో లండన్‌లో ఒక పుస్తకం అచ్చువేశాడు. ఇక్కడి జాలరులు చెప్పిన తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే రాసుకున్నాడు. మన తూర్పు తీరపు సొర అన్న మాట ఇప్పటికీ ఒక జాతికి శాస్త్రీయ నామంగా ఉంది, కార్కరైనస్ సొరా. ఆ పేరు పెట్టింది 1839లో, ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు. మన మాట ప్రపంచమంతా వాడే పేరుగా మారడం గర్వంగా చెప్పుకోదగ్గ విషయం. అందుకని హ్యామర్‌హెడ్ షార్క్‌ను సుత్తి సొర అనండి. సుత్తి తల షార్క్ అని సగం ఇంగ్లీషు, సగం తెలుగు కలిపి రాసేది పత్రికల్లో చూస్తుంటాను, అది అవసరం లేదు. సుత్తి అనగానే పిల్లలు విసుగు పుట్టించే కబుర్లే అనుకుని నవ్వితే నవ్వనివ్వండి, ఒకటికి రెండుసార్లు అంటే అలవాటైపోతుంది. ఇంకొక సంగతి: విశాఖ రేవులో కొమ్ముకోనం అనే మాట వింటారు. అది మూతి ఈటెలా పొడుచుకొచ్చే చేప, సొర కాదు. కొమ్ము అన్న మాట విని దాన్నీ దీన్నీ ఒకటనుకోవద్దు.

ఇతర హ్యామర్‌హెడ్‌ల విషయంలో ఒక చిన్న చిట్కా చెబుతాను. ఆ పేరు విన్నప్పుడు, చూసినవాడు ఏ వైపు నుంచి చూశాడు అని అడగండి. సొరనూ పురుగునూ పై నుంచి చూస్తే సుత్తి కనిపిస్తుంది. ఆఫ్రికాలో హామర్‌కాప్ అనే గోధుమరంగు నీటిపక్షి ఉంది. ఆ ఆఫ్రికాన్స్ మాటకు అర్థం సుత్తి తలే. దాన్ని పక్క నుంచి చూడాలి: ముందుకు ముక్కు, వెనక్కి కుచ్చు, మేకులు పీకే సుత్తిలా ఉంటుంది. కాకి కంటే కాస్త పెద్దదే అయినా మరీ పెద్ద పక్షేమీ కాదు, కానీ వేల పుల్లలు పేర్చి చెట్టు కొమ్మల మధ్య మీటరున్నర వెడల్పున గూడు కడుతుంది. పైన మనిషి నిలబడినా కూలనంత గట్టిగా ఉంటుంది. దక్షిణాఫ్రికా తెగల్లో కొందరు దాన్ని పిడుగు పక్షి అని నమ్ముతారు, గూటి జోలికి పోరు. సుత్తితల గబ్బిలం కూడా ఆఫ్రికాదే. ఆ ఖండపు ప్రధాన భూభాగంలో అన్నిటికంటే పెద్ద గబ్బిలం అది. మగదానికే ఆ ఉబ్బిన మొహం. గొంతుపెట్టె ఒంట్లో సగం ఖాళీని ఆక్రమించేంత పెద్దది. రాత్రి నది ఒడ్డున మగవన్నీ బారులుగా వేలాడుతూ అరుస్తాయి, ఆడవి ఎగురుతూ విని జోడు ఎంచుకుంటాయి.

జీవశాస్త్రంలో హ్యామర్‌హెడ్ రైబోజైమ్ అని ఒకటుంది. తనను తానే కత్తిరించుకునే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క. 1980ల్లో మొక్కల తెగుళ్లకు కారణమైన ఆర్‌ఎన్‌ఏల్లో బయటపడింది. కాగితం మీద దాని నిర్మాణం గీస్తే సుత్తి తలలా వచ్చింది, పేరు అలా పడింది. తరువాత 1994లో స్ఫటికాలు చేసి అసలు ఆకారం చూస్తే అది వై అక్షరంలా ఉంది. పేరు మాత్రం మారలేదు. విమాన విన్యాసాల్లో హ్యామర్‌హెడ్ అంటే నిట్టనిలువుగా పైకి పోయి, వేగం అయిపోయేచోట పక్కకు తిరిగి తలకిందులుగా దిగడం. మీ సబ్‌డివిజన్‌లో ఎటూ పోని వీధి చివర ఫైరింజన్ వెనక్కి తిప్పుకోవడానికి టీ ఆకారంలో రోడ్డు వదిలితే దాన్నీ హ్యామర్‌హెడ్ అంటారు, మీ ఇంటి దగ్గరే ఉండవచ్చు. ఓడల రేవుల్లో, బిల్డింగ్ పనుల్లో నిలువు స్తంభం మీద అడ్డంగా పెద్ద చేయి చాచిన క్రేన్లకూ ఆ పేరుంది. స్కాట్లాండ్ క్లైడ్‌బ్యాంక్‌లో 1907లో కట్టిన టైటన్ క్రేన్ ఇప్పటికీ నిలబడి ఉంది.

మనవాళ్లు రోజూ చూసే హ్యామర్‌హెడ్ ఒకటి చెప్పనివ్వండి. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్లు సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో వాడకంలోకి వచ్చింది. దాని కింద నడుస్తూ తల పైకెత్తండి. రోడ్డు మధ్యన ఒక్కటే స్తంభం, దాని మీద రెండు వైపులా చేతులు చాచిన అడ్డదూలం. ఇంజనీర్లు ఆ తరహా స్తంభాన్ని హ్యామర్‌హెడ్ పియర్ అంటారు, పై దూలాన్ని పియర్ క్యాప్ అంటారు. రెండు స్తంభాలు నాటితే కింద ట్రాఫిక్‌కు చోటుండదు, ఒక్కటి నాటి చేతులు చాస్తే నేల మిగులుతుంది. అత్తాపూర్‌వాళ్లు "ఫలానా పిల్లర్ నంబర్ దగ్గర దిగు" అని అడ్రసు చెప్పేది ఆ స్తంభాల లెక్కతోనే.

రెండోది శ్రీహరికోటది. 2023 జూలై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 ఫోటో చూడండి. మధ్య దశ వ్యాసం 4 మీటర్లు, ఉపగ్రహాన్ని దాచుకునే పై తొడుగు వ్యాసం 5 మీటర్లు. పీఎస్‌ఎల్‌వీలో కూడా ఒళ్లు 2.8 మీటర్లు, తల 3.2 మీటర్లు. ఒంటి కంటే తల లావుగా ఉన్న ఈ తీరును రాకెట్ ఇంజనీర్లు హ్యామర్‌హెడ్ అంటారు. దీంతో ఇబ్బంది ఉంది. లావు తల దాటి సన్నటి ఒంటి మీదకు వచ్చేచోట గాలి అంటిపెట్టుకుని జారలేక విడిపోయి సుడులు తిరుగుతుంది. రాకెట్ ధ్వని వేగాన్ని అందుకునే క్షణాల్లో ఆ సుడులు ఒంటిని దడదడలాడిస్తాయి. ఆ దెబ్బకు తట్టుకుంటుందో లేదో గాలి సొరంగాల్లో ముందే పరీక్షించి చూసుకోవాలి.

మరి అంత ఇబ్బంది పెట్టే తలను సొర ఎందుకు పెంచుకుంది? ఈ ప్రశ్న కోసమే నేను ఇంత దూరం రాసుకొచ్చాను. నీళ్లలో కూడా ఆ తల అడ్డమే. 2020లో కంప్యూటర్ నమూనాలతో లెక్కగట్టి చూస్తే, మామూలు సొర తల కంటే దీన్ని నీళ్లలో ముందుకు నెట్టడానికి చాలా ఎక్కువ బలం కావాలని తేలింది. అది విమానం రెక్కలా సొరను పైకి లేపుతుందని పాత పుస్తకాల్లో ఉండేది. తిన్నగా ఈదేటప్పుడు అలా పెద్దగా లేపదని అదే లెక్క చెప్పింది. కానీ తలను కాస్త పైకో కిందికో వంచగానే ఆ బలం గట్టిగా పనిచేస్తుంది, అంటే చటుక్కున తిరగడానికి చుక్కానిలా పనికొస్తుంది. ఇసుకకు అంటుకుని పోతూ ఒక్కసారిగా మళ్లాల్సిన వేటగాడికి అది చిన్న లాభం కాదు.

పెద్ద లాభం వేరే ఉంది. సొరల మూతి మీద సూది బెజ్జాల్లాంటి చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, లోపల జిగురు నిండిన గొట్టాలు. 1678లో వాటిని వర్ణించిన ఇటలీ శాస్త్రవేత్త లొరెంజీని పేరుతోనే వాటిని పిలుస్తారు. ప్రతి ప్రాణి కండరాల నుంచీ పుట్టే అతి సూక్ష్మమైన విద్యుత్తును ఆ రంధ్రాలు పసిగడతాయి. ఇసుకలో పూడుకుని కదలకుండా ఉన్న టేకు చేప (స్టింగ్‌రే) కంటికి కనబడదు, వాసనా సరిగా రాదు, కానీ దాని ఒంటి కరెంటు దాన్ని పట్టిస్తుంది. హవాయిలో పిల్ల సుత్తి సొరలనూ మామూలు తల ఉన్న మరో రకం పిల్ల సొరలనూ పక్కపక్కన పెట్టి పరీక్షించారు, 2002లో ఆ ఫలితాలు వచ్చాయి. పసిగట్టే శక్తి రెండిటికీ ఇంచుమించు సమానమే. తేడా ఎక్కడంటే, ఒక్కసారి ఈదుకుంటూ పోయినప్పుడు సుత్తి తల ఎక్కువ వెడల్పున నేలను జల్లెడ పడుతుంది. వల కన్ను అదే, వల మాత్రం వెడల్పు. జాలరికి ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు.

కళ్లు తల రెండు చివర్లలో ఉంటే ఎదుటి వస్తువు రెండు కళ్లకూ ఒకేసారి కనబడదు కదా అని చాలామంది అనుకునేవాళ్లు. 2009లో కొలిచి చూస్తే తిరగబడింది. కళ్లు కాస్త ముందుకు వంగి ఉండటంతో రెండు కళ్ల చూపూ కలిసే వెడల్పు మామూలు సొరల కంటే వీటికే ఎక్కువ. చిన్న తల ఉన్న బానెట్‌హెడ్ అనే రకం సుత్తి సొరకు అది 13 డిగ్రీలు, స్కాలప్డ్ సుత్తి సొరకు 32, అన్నిటికంటే వెడల్పు తల ఉన్న రెక్కతల సొరకు 48 డిగ్రీలు. రెండు చూపులు కలిస్తేనే దూరం అంచనా తెలుస్తుంది. అయితే మూతికి సరిగ్గా ముందు కొంత మేర ఏమీ కనబడదు. తలను అటూ ఇటూ ఊపుకుంటూ ఈదడం ఆ లోటును తీరుస్తుంది.

పేరుకు తగ్గట్టు సుత్తిలా కొట్టడం కూడా ఉంది. గ్రేట్ హ్యామర్‌హెడ్, అంటే పెద్ద సుత్తి సొర, టేకు చేపను తలతో నేలకేసి నొక్కిపెట్టి, పక్కకు తిరిగి దాని రెక్క కొరకడం బహామాస్ దగ్గర కళ్లారా చూసి రాశారు. టేకు తోక ముల్లు విషం ఎంత బాధపెడుతుందో మన జాలరులకు తెలుసు. దాన్ని కదలనివ్వకుండా పట్టడం మామూలు పని కాదు.

ఈ పెద్ద సుత్తి సొర గురించి ఇంకొకటి. దీని వీపు రెక్క కొడవలిలా చాలా ఎత్తుగా ఉంటుంది. ఎందుకంత ఎత్తు అన్నది ఏళ్ల తరబడి ఎవరికీ అంతు చిక్కలేదు. 2016లో ఒంటికి పరికరాలు కట్టి చూస్తే అది ఎక్కువ సేపు నిటారుగా కాకుండా 50 నుంచి 75 డిగ్రీల దాకా పక్కకు ఒరిగి ఈదుతోంది. అలా ఒరిగినప్పుడు వీపు రెక్కే విమానం రెక్కలా మోస్తుంది, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. నేను హార్బర్‌లో గట్టు మీద పడుకోబెట్టిన సొరలను చూసి ఆ రెక్కను ఎన్నోసార్లు కొలిచాను, దాని పని మాత్రం ఆ వ్యాసం చదివాకే అర్థమైంది.

స్కాలప్డ్ రకం గాలాపగోస్, కోకోస్, మాల్పెలో దీవుల దగ్గర వందల్లో గుంపు కడుతుంది. పగలు గుంపుగా తిరిగి రాత్రి వేటకు విడిపోతాయి. 2023లో హవాయి నుంచి వచ్చిన సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. రాత్రిళ్లు ఇవి 800 మీటర్లకు పైగా లోతుకు, చలి నీళ్లలోకి దిగుతాయి. చేపకు మొప్పల దగ్గరే ఒంటి వేడి నీళ్లలోకి పోతుంది. అందుకని దిగేముందు మొప్పలు మూసేసి, మనం ఊపిరి బిగబట్టినట్టే బిగబట్టి, ఒళ్లు వెచ్చగా ఉంచుకుని తిరిగి పైకి వస్తాయి. బానెట్‌హెడ్ మరీ విచిత్రం. అది సముద్రపు గడ్డి తింటుంది, తిన్నది అరిగించుకుంటుంది కూడా. సొరల్లో అలా గడ్డి అరిగించుకునేది ఇదేనని 2018లో తేల్చారు. 2001లో అమెరికాలోని ఒమాహా జూలో మగదాని తోడు లేకుండా ఒక బానెట్‌హెడ్ పిల్లను కన్నది. 2007లో డీఎన్‌ఏ పరీక్షలో ఆ పిల్లకు తండ్రి లేడని నిర్ధారణ అయింది.

మొదట చిన్న తల ఉండేది, తరతరాలకు వెడల్పయింది అనే కథ వినడానికి బాగుంటుంది. జన్యువులు చెప్పేది వేరు. 2010 నాటి వంశవృక్షం ప్రకారం మొదట విడిపోయిన శాఖ రెక్కతల సొరది. తల వెడల్పు ఒంటి పొడవులో సగం దాకా ఉండే ఆ రకం మన తీరంలోనూ దొరుకుతుంది. చిన్న తల ఉన్న బానెట్‌హెడ్‌లు తరువాత వచ్చాయి. అంటే కొన్నిటిలో సుత్తి పెరగలేదు, తగ్గింది. వీటన్నిటినీ కలిపితే ఈ కుటుంబంలో పదికి అటూ ఇటూ జాతులు ఉన్నాయి. 2024లో కూడా ఒక కొత్తదానికి పేరు పెట్టారు.

మీ అమ్మాయి తప్పకుండా అడిగే ప్రశ్న: ఇవి మనుషులను తింటాయా? పెద్ద సుత్తి సొర ఆరు మీటర్ల దాకా పెరగగలదు, పళ్లున్న జంతువే, దగ్గరకు పోయి ఆడుకునేది కాదు. కానీ రెచ్చగొట్టకుండా మనిషి మీదకు వచ్చి చంపినట్టు అంతర్జాతీయ దాడుల పట్టికలో ఒక్క సంఘటన కూడా లేదు. మనం వాటికి చేసింది మాత్రం చాలా ఉంది. సుత్తి సొర గాలానికి పడితే మిగతా సొరల కంటే చాలా త్వరగా అలిసి చచ్చిపోతుంది. తిరిగి నీళ్లలో వదిలినా చాలాసార్లు బతకదు. రెక్కల సూప్ కోసం చైనా వైపు వీటి రెక్కలకు ధర ఎక్కువ పలికేది. పెద్ద సుత్తి సొర, స్కాలప్డ్ రకం రెండూ ఇప్పుడు ప్రపంచ రెడ్‌లిస్టులో అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న వర్గంలో ఉన్నాయి. అమెరికా తన అంతరించే జీవుల చట్టం కింద మొట్టమొదట చేర్చిన సొర స్కాలప్డ్ రకమే, అది 2014లో. 2013లో బ్యాంకాక్‌లో జరిగిన సైటిస్ (అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశంలో మూడు జాతుల ఎగుమతికి పర్మిట్ తప్పనిసరి చేశారు, 2022లో పనామాలో కుటుంబం మొత్తానికీ దాన్ని వర్తింపజేశారు. మన దేశంలో 2013లో రెక్కలు కోసి ఒళ్లు సముద్రంలో పారేయడాన్ని నిషేధించారు, 2015లో సొర రెక్కల ఎగుమతినే ఆపేశారు.

ఆ నిర్ణయాలు మంచివి, కానీ మా రేవులో నేను చూసిన బాధ రెక్కలది కాదు, పిల్లలది. సుత్తి సొర గుడ్లు పెట్టదు. తల్లి కడుపులో బొడ్డుతాడు లాంటి ఏర్పాటుతో ఏడాదికి కాస్త తక్కువగా పిల్లలను మోసి, ఒక ఈతకు పన్నెండు నుంచి నలభై దాకా కంటుంది. పుట్టినప్పుడు వాటి సుత్తి మెత్తగా, వెనక్కి ముడుచుకుని ఉంటుంది, కనేటప్పుడు తల్లికి గుచ్చుకోకుండా. తల్లి లోతు తక్కువ నీళ్లకు వచ్చి కంటుంది, ఎందుకంటే అక్కడ పెద్ద సొరల బెడద తక్కువ. మన ట్రాల్ బోట్లు రొయ్యల కోసం వల లాగేదీ ఆ నీళ్లలోనే. మూరెడు పొడవున్న పిల్ల సుత్తి సొరలు కావాలని పట్టినవి కావు, రొయ్యలతో పాటు వలలో పడి వస్తాయి. బాలింతలకు మంచిదని పాల సొర కోసం వచ్చే ఆడవాళ్ల బుట్టల్లోకి ఇవీ వెళ్లిపోతాయి. ఎవరిదీ తప్పని నేను అనను. బోటు నడిపే సరంగుకు ఆ రోజు డీజిల్ డబ్బులు రావాలి, వండుకునే ఇంటికి సొర పుట్టు కూర కావాలి. కానీ పిల్లలు పెరిగే నీళ్లేవో గుర్తించి, అవి ఈనే నెలల్లో అక్కడ వల లాగకుండా ఉంటే మిగులుతాయని నేను గట్టిగా నమ్ముతాను. ఆ పని జాలరులను కూర్చోబెట్టి మాట్లాడి చేయాల్సిందే, ఏ నెలలో ఎక్కడ పడతాయో వాళ్లకు తెలిసినంతగా మా రికార్డులకు తెలియదు.

ప్రాజెక్ట్‌లో బొమ్మ గీసేటప్పుడు మీ అమ్మాయి చూసుకోవలసినవి కొన్ని. తల ముందు అంచు సరిగ్గా మధ్యలో నొక్కు ఉండి, అంచంతా అలలుగా ఉంటే స్కాలప్డ్. మధ్యలో నొక్కు ఉండి అంచు దాదాపు తిన్నగా ఉంటే, వీపు రెక్క కొడవలిలా ఎత్తుగా ఉంటే, అది పెద్ద సుత్తి సొర. అంచు వంపుగా ఉండి నొక్కు లేకపోతే స్మూత్ రకం, లిన్నేయస్ కాడి పేరు మోస్తున్నది అదే. కళ్లు సుత్తి రెండు చివర్లలోనే ఉండాలి, పైన కాదు. ముక్కు రంధ్రాలు మధ్యలో గీయడం అందరూ చేసే పొరపాటు. అవి ముందు అంచు మీద, కంటికి దగ్గరగా ఉంటాయి. నోరు అడుగున, చిన్నగా, అర్ధచంద్రాకారంలో. మొప్పల చీలికలు ఒక్కో పక్క ఐదు.